ప్రారంభోత్సవానికి ముందే పనిచేసిన తీగ

"ఈరోజు నుంచి ప్రభుత్వానికీ క్లౌడ్‌కీ మధ్య ఎవ్వరూ ఉండరు! దళారుల వ్యవస్థను వేళ్లతో సహా పెకలిస్తున్నాం!"

అని మా సాంకేతిక శాఖ మంత్రిగారు బల్ల గుద్ది ప్రకటించినప్పుడు విలేకరుల సమావేశంలో మంచినీళ్ల గ్లాసులు ఎగిరిపడ్డాయి. ఒకటి నా ఒళ్లో పడింది. అయినా నేను చప్పట్లు ఆపలేదు. మంత్రిగారి పత్రికా ప్రకటనలు రాసే ఉద్యోగం నాది. ప్యాంటు తడిస్తే ఆరుతుంది, చప్పట్లు ఆపితే ఉద్యోగం ఆరుతుంది.

"క్లౌడ్ అంటే ఏమిటండీ?" అని ముందు వరసలో ఒక విలేకరి లేచాడు.

"అది అందరికీ తెలిసిందే" అన్నారు మంత్రిగారు.

"మరి ఈ కాగితంలో రాసిన పీరింగ్ అంటే?" అని ఇంకొకడు లేచాడు.

"క్లౌడ్ తెలిసినవాళ్లకి అదీ తెలిసిందే."

ఇంకెవరూ లేవలేదు. తెలియదని నలుగురిలో ఒప్పుకోవడం ఎవరికి మాత్రం ఇష్టం? ఒక్క జవాబుతో ఇద్దరి నోళ్లు మూయించగల నాయకుడు తరానికొకడు పుడతాడు. మా తరానికి ఈయన పుట్టారు.

అసలు ఈ ఆలోచన మా శాఖ నెట్‌వర్క్ ఇంజనీరమ్మది. ఆవిడకి పని తెలుసు, మాట్లాడటం తెలియదు. అంటే, ఉన్నదున్నట్టు మాట్లాడుతుంది. మొదటిసారి ఆవిడ మంత్రిగారి గదిలోకి వచ్చి విషయం చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"సార్, మన ఆఫీసులవీ, ఆసుపత్రులవీ కాగితాలూ ఫోటోలూ అన్నీ ఒక కంపెనీ కంప్యూటర్లలో దాస్తున్నాం. దాన్నే క్లౌడ్ అంటున్నాం. ఆ కంప్యూటర్లున్న భవనం మీ కిటికీలోంచి కనబడుతుంది. అదిగో, ఆ నీలం అద్దాలది."

మంత్రిగారు కిటికీలోంచి చూసి కొంచెం నిరుత్సాహపడ్డారు. "పైనెక్కడో ఉంటుందనుకున్నానే" అన్నారు.

"కాదు సార్, ఫోటోస్టాట్ షాపు పక్కన. కానీ మన ఫైలు ఇక్కడ బయల్దేరి, ఇంకో కంపెనీ తీగ పట్టుకుని, సముద్రం దాటి, ఎక్కడో పరాయి దేశంలో మలుపు తిరిగి, మళ్లీ సముద్రం దాటొచ్చి ఆ నీలం భవనంలోకి దూరుతోంది. ముక్కేదిరా అంటే తలచుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు."

"విదేశం వెళ్లొచ్చిన ఫైలంటే పరువే కదమ్మా. నేనూ రెండుసార్లు వెళ్లొచ్చాను."

"మీరు క్షేమంగా తిరిగొచ్చారు సార్. ఫైళ్లు సగం దారిలోనే పడిపోతున్నాయి. ఆ తీగ మీద ఊరందరి సినిమాలూ పోతుంటాయి. ఆసుపత్రి స్కాన్లు పెద్ద పెద్దవి. సగం వెళ్లి ఆగిపోతే మళ్లీ మొదటినుంచి పంపాలి. మెదడు స్కాను చూసి చెప్పే డాక్టరు మన ఆసుపత్రిలో లేడు. వేరే ఊళ్లో కూర్చుని క్లౌడ్‌లోంచి తీసి చూస్తాడు. ఆయన చూసి సరేనంటేగానీ ఇక్కడ ఇంజెక్షన్ ఇవ్వకూడదు. పక్షవాతం వచ్చినవాడికి ఆ కాసేపట్లోనే కాలూ చెయ్యీ పోతున్నాయి సార్."

"మరి ఏం చెయ్యాలంటావ్?"

"మనకీ వాళ్లకీ ఒకే గదిలో చెరో ఇనప బీరువా పెట్టుకుని, ఈ బీరువాలోంచి ఆ బీరువాలోకి నేరుగా ఒక తీగ కలపడమే. మధ్యలో ఎవరి ప్రమేయమూ ఉండదు. దాన్నే పీరింగ్ అంటారు."

"తీగ ఎంతుంటుంది?"

"రెండు బారలు."

మంత్రిగారు రెండు చేతులూ బారజాపి చూసుకున్నారు. "రెండు బారల తీగకి శంకుస్థాపన ఎలా చేస్తామమ్మా?" అన్నారు.

చూశారా! ఇంజనీరమ్మ అంత చదివింది, ఈ కోణం ఆవిడకి తట్టనే లేదు.

ఆ తరవాత పని చకచకా సాగింది. ముందు గది సమస్య వచ్చింది. పీరింగ్ అంటే ఇద్దరు సమానులు ఇచ్చిపుచ్చుకోవడమని ఇంజనీరమ్మ నోరుజారింది. "ప్రభుత్వమూ, కంపెనీ సమానమా? వాళ్లే మన గదికి రావాలి" అన్నారు మంత్రిగారు. వాళ్లు రామన్నారు. చివరికి ఇద్దరిదీ కాని ఒక అద్దె గది చూశారు. అక్కడైనా మాట పడకుండా మంత్రిగారి పీఏగారు మన బీరువా కింద ఇటుకలు పెట్టించి నాలుగంగుళాలు ఎత్తు చేయించారు. ఇది నేను ప్రకటనలో "ఉన్నత స్థాయి అనుసంధానం" అని రాశాను. ఇటుకల విషయం రాయలేదు.

ఇక ప్రారంభోత్సవమే తరువాయి అనుకుంటుండగా ఘోరం జరిగిపోయింది. తీగ పనిచేసింది.

జరిగిందేమిటంటే, ఇంజనీరమ్మ ఎవరితోనూ చెప్పకుండా ఒకరోజు ఆ గదికి వెళ్లి, పసుప్పచ్చ తీగ ఒకటి తీసుకుని, ఈ కొస ఈ బీరువాలోనూ ఆ కొస ఆ బీరువాలోనూ గుచ్చింది. పరీక్ష కోసమట. గుచ్చినమనిషి పరీక్షించి పీకెయ్యాలా వద్దా? బాగా పనిచేస్తోంది కదా అని వదిలేసి భోజనానికి వెళ్లిపోయింది. ఆ పూట నుంచీ ఆసుపత్రి స్కాన్లు టీ చల్లారేలోపు వెళ్లిపోతున్నాయి, డాక్టరు మాట తిరిగొచ్చేస్తోంది. ఆసుపత్రిలో ఒక ముసలాయన మూతి వంకరపోయి వచ్చి, సాయంత్రానికి తిన్నగా అయి, సొంత నోటితో నర్సుని తిట్టుకుంటూ నడిచి ఇంటికి వెళ్లాడట. ఇలాంటివాళ్లు వారంలో ఇంకొందరు.

ఈ సంగతి ఒక పత్రిక లోపలి పేజీలో వేసేసింది. "స్కాన్లకు రెక్కలు" అని శీర్షిక. కింద మంత్రిగారి ఫోటో లేదు. ముసలాయన ఫోటో ఉంది.

పీఏగారు ఆ పత్రిక పట్టుకుని ఊగిపోయారు. "ఎవరు ప్రారంభించారు? నేనడిగేది ఒకటే, ఎవరు ప్రారంభించారు?"

"ఎవరూ ప్రారంభించలేదండి, దానంతటదే పనిచేస్తోంది" అన్నాను.

"ప్రభుత్వంలో దానంతటదే పనిచేసేది ఏదైనా ఉందటయ్యా? నీ సర్వీసులో చూశావా?"

నిజం చెప్పాలి కాబట్టి చూడలేదన్నాను.

మంత్రిగారు కోప్పడలేదు. అదీ ఆయన పెద్దమనసు. గాయపడ్డారంతే. "నేను కత్తిరించకుండానే, నేను నొక్కకుండానే, నేను గుచ్చకుండానే జనం వాడేసుకుంటున్నారా? పెళ్లికాకుండానే కాపురానికి వెళ్లిపోయినట్టుందయ్యా" అన్నారు. కళ్లలో తడి. నాకూ తడి పెట్టుకోవాలనిపించింది.

ఇంజనీరమ్మని పిలిపించారు.

"తీగ పీకెయ్యండి" అన్నారు పీఏగారు.

"ఎందుకు సార్?"

"ప్రారంభించని సౌకర్యాన్ని ప్రజలు వాడితే అది అక్రమ వాడకం. రేపు ఎవరైనా కోర్టుకెళితే?"

"ఎవరెళతారు సార్? బాగుపడిన ముసలాయనా?"

"చూడమ్మా, మంత్రిగారు వచ్చి గుచ్చేసరికి అది అప్పుడే పనిచెయ్యడం మొదలెట్టాలి. ముందునుంచీ పనిచేస్తుంటే ఆయన గుచ్చడానికి ఏం మిగిలింది?"

"పనిచేస్తున్నదాన్ని పీకమంటున్నారు. ఈలోగా ఎవరికన్నా ఏదైనా అయితే?"

"ఇన్నాళ్లూ అవ్వలేదా? ఇంకొన్నాళ్లు అవుతుంది. జనం అలవాటుపడ్డవాళ్లే."

ఇంజనీరమ్మ ముక్కుపుటాలు ఎగరేసుకుంటూ వెళ్లి పీకింది. ఆవిడ మళ్లీ గుచ్చదన్న నమ్మకం లేక, పీఏగారు గదికి తాళం వేయించి, లక్కముద్ర కొట్టించి, ఇద్దరు పోలీసుల్ని కాపలా పెట్టించారు. ఆ సాయంత్రం నా చేత ఖండన రాయించారు. నా సర్వీసులో నేను రాసిన ఉత్తమ ఖండన అది. "ఆసుపత్రుల్లో పనులు మెరుగుపడ్డాయంటూ కొందరు గిట్టనివారు చేస్తున్న ప్రచారంలో ఎంతమాత్రం నిజం లేదు. ఇటువంటి వదంతులను ప్రజలు నమ్మవద్దని మనవి. పరిస్థితి ఎప్పటిలాగే ఉంది." మర్నాటికల్లా అది అక్షరాలా నిజమైంది. ప్రభుత్వ ప్రకటన అంత త్వరగా నిజమవడం నేను మళ్లీ చూడలేదు.

పీకిన తీగని ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. ఏ తీగ పడితే ఆ తీగ మంత్రిగారి చేతికివ్వలేం కదా. దానికొక మఖమల్ సంచీ కుట్టించి, మంత్రిగారి ఇంట్లో అద్దాల బీరువాలో వెండి జ్ఞాపికల మధ్య పెట్టాలని నిర్ణయించారు. సంచీ కుట్టే పని మా బావకి ఇప్పించాను. ఆ మాత్రం పలుకుబడి నాకుంది.

మా బావ అంటే మా అక్క మొగుడు. దర్జీ. కొలతలు తీసుకోకుండా, మనిషి గుమ్మంలోంచి లోపలికొచ్చేలోపు కంటితోనే కొలిచేస్తాడు. మాటలు తక్కువ. ఉన్నది ఆ ఒక్క కుట్టుమిషనూ, ఆ కుడిచెయ్యీ. ఇద్దరు ఆడపిల్లల చదువులూ ఆ చెయ్యి మీదే నడుస్తున్నాయి. పెద్దది నర్సింగు, చిన్నది ఇంకా బడి. అక్క కాజాలు కుడుతుంది, గుండీలు వేస్తుంది, రోజంతా ఆయన్ని సాధిస్తుంది.

"తీగకి సంచీ ఏమిటిరా తమ్ముడూ, చలేస్తుందా దానికి?" అని అక్క నవ్వింది.

"ప్రభుత్వం పనక్కా. నీకు అర్థం కాదులే."

బావ మాత్రం ఎర్ర మఖమల్ గుడ్డకి బంగారు రంగు అంచు వేసి ముచ్చటగా కుట్టాడు. పీఏగారు చూసి, "మీ బావ చేతిలో లక్ష్మి ఉందయ్యా" అన్నారు. మా బావ చేతిని మంత్రి పీఏ మెచ్చుకోవడం! ఆ మాట ఇంట్లో చెబితే బావ చెయ్యి చూసుకుని, లుంగీకి తుడుచుకుని, మళ్లీ మిషను తొక్కుకున్నాడు.

ప్రారంభోత్సవం మొదట ఒక తేదీకి అనుకున్నారు. అప్పుడు మంత్రిగారి పార్టీ పెద్దనాయకుడు తానూ వస్తానన్నారు. తీగకి రెండు కొసలున్నాయి కాబట్టి ఇద్దరు పెద్దలకి చెరొకటి సరిపోతుందని అందరం సంతోషించాం. కానీ రెండు బారల తీగకి అటూ ఇటూ ఇద్దరు నిలబడితే, వాళ్ల వాళ్ల అంగరక్షకులు ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటున్నారని రిహార్సల్లో తేలింది. పొడవు తీగ తెప్పించారు. అది వచ్చేసరికి పెద్దనాయకుడు రానన్నారు. ఆయన రానప్పుడు పొడవు తీగ దేనికని పాతదాన్నే సంచీలో పెట్టారు. ఇంతలో ఫోటోగ్రాఫర్లకి గది చాలదన్నారు. గోడ పగలగొట్టారు. పగిలిన గోడలోంచి పక్క హోటలు వంటిల్లు కనబడుతోందని మళ్లీ కట్టారు. ఇవన్నీ నేను "పురోగతి" అనే శీర్షిక కింద వారం వారం విడుదల చేశాను.

ఈ పురోగతి మధ్యలో ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

"తమ్ముడూ, మీ బావ చేతిలోంచి కత్తెర జారిపోయిందిరా. తీసుకో అంటే తీసుకోడు. మూతి ఒకవైపుకి పోయింది. నాకేం తోచట్లేదురా."

నేను వెళ్లేసరికి పక్కషాపువాళ్లు ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకొచ్చేశారు. ఆలస్యం చెయ్యలేదు. ఆసుపత్రివాళ్లూ ఆలస్యం చెయ్యలేదు. తీసుకెళ్లిన వెంటనే స్కాను తీశారు. ఆ డాక్టరమ్మ చిన్నపిల్ల, కానీ గట్టిది. "టైములోనే వచ్చారు. మెదడులో రక్తం గడ్డకట్టి ఉంటే ఇంజెక్షన్ ఇస్తాం, చెయ్యి వచ్చేస్తుంది. రక్తం కారి ఉంటే మాత్రం అదే ఇంజెక్షన్ ప్రాణం తీస్తుంది. రెంటిలో ఏదన్నది పెద్ద డాక్టరు చూసి చెప్పాలి. స్కాను పంపించాం" అంది.

పంపించారు. స్కాను గదిలో కంప్యూటరు తెర మీద చిన్న గుండ్రం ఒకటి తిరుగుతోంది. సగం దాకా వచ్చి ఆగింది. ఆపరేటరు మళ్లీ నొక్కాడు. మళ్లీ మొదటినుంచి.

"ఏమయ్యా, త్వరగా పంపలేవా?" అన్నాను.

అతను నావైపు తిరగకుండానే అన్నాడు. "ఆమధ్య ఒక వారం రోజులు రెప్పపాటులో వెళ్లిపోయేదండి. తరవాత ఎవరో పుణ్యాత్ములు పీకేశారు."

అక్క నా చొక్కా పట్టుకుంది. "నీ ఆఫీసుదే కదరా అది! నువ్వు ఫోన్ చెయ్యి! మంత్రి దగ్గర పని కదా నీది! ఒక్క ఫోన్ చెయ్యిరా!"

నేను ఫోన్ చేశాను. ముందు ఇంజనీరమ్మకి చేశాను. ఆవిడ ఎవరికి, ఏమిటి అని అడక్కుండానే బయల్దేరింది. "ఆ మఖమల్ తీగ ఎవడిక్కావాలి, నా సొరుగులో అలాంటివి పదున్నాయి" అంటూ అద్దె గదికి పరిగెత్తింది. అక్కడ పోలీసులు లక్కముద్ర చూపించి, పీఏగారు చెబితేగానీ తియ్యమన్నారట. ఆవిడ వాళ్లని ఏమేం తిట్టిందో ఫోన్లో నాకూ వినబడింది. అవి నేను ఏ ప్రకటనలోనూ వాడలేను.

పీఏగారికి చేశాను. "సార్, కాసేపు. మా బావ స్కాను ఒక్కటీ వెళ్లగానే పీకేస్తారు. ఎవరికీ తెలియదు."

"నువ్వా ఈ మాటంటున్నది? బయటివాడంటే పోనీ అనుకోవచ్చు. మనవాడికోసం ప్రారంభోత్సవానికి ముందే వాడుకున్నారని రేపు పేపర్లో వస్తే మంత్రిగారి పరువేం కాను?"

"మంత్రిగారిని ఒక్కసారి అడగండి సార్."

"ఆయన ప్రారంభోత్సవ ఉపన్యాసం బట్టీపడుతున్నారు. మధ్యలో ఆపితే మొదటినుంచి మొదలుపెట్టాలి."

స్కానూ అంతేనండి అందామనుకున్నాను. అనలేదు. సార్, సార్ అని మాత్రం అన్నాను, అవతల ఫోన్ పెట్టేసిన తరవాత కూడా.

తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంది. పక్క గదిలో బావ పడుకుని కుడిచెయ్యిని ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. వదిలితే పడిపోతోంది. మళ్లీ ఎత్తుతున్నాడు. అక్క ఆ వేళ్లని నలుపుతూ, "వస్తుంది, వస్తుంది, ఇప్పుడే పంపించారట" అంటోంది. నాకు ఏడుపొచ్చింది. ప్రభుత్వోద్యోగినే అయినా వచ్చింది.

స్కాను వెళ్లింది. వెళ్లలేదని ఎవరూ అనకూడదు. కిటికీలోంచి ఎండ పోయాక వెళ్లింది. పెద్ద డాక్టరు చూసి జవాబు చెప్పాడు. గడ్డే, రక్తం కారలేదు, కానీ ఇంజెక్షన్ ఇచ్చే టైము దాటిపోయింది, ఇప్పుడిస్తే ప్రమాదం అన్నాడు. డాక్టరమ్మ ఆ మాట మాకు చెప్పి, మా ముఖాలు చూడలేక బయటికి వెళ్లిపోయింది. బావ బతికాడు. మూతి కొంచెం సర్దుకుంది, కాలు ఈడ్చి నడుస్తున్నాడు. చెయ్యి మాత్రం రాలేదు.

నెల తిరిగేసరికి ప్రారంభోత్సవం ఖాయమైంది. ఆ అద్దె గదిలో జనం పట్టరని పెద్ద హాలు తీసుకున్నారు, రెండు బీరువాల్నీ వేదిక మీదకి మోయించారు, మనదాని కింద ఇటుకలు మర్చిపోలేదు. అన్నీ సిద్ధం. ఒక్క లబ్ధిదారుడే తక్కువ.

"నేరుగా స్కాను పంపి చూపిస్తాం. ఒక రోగి కావాలి" అన్నారు పీఏగారు. "కూర్చోగలిగినవాడు, శుభ్రంగా ఉండేవాడు, మైకులో ఎక్కువ మాట్లాడనివాడు."

అందరూ నావైపు చూశారు.

"మీ బావ ఉన్నాడుగా!" అన్నారు పీఏగారు ఉత్సాహంగా. "పాత స్కాను ఉంది, మనిషీ ఉన్నాడు. పైగా సంచీ కుట్టినవాడు. ఏమంటావ్?"

అక్క మొదట చెప్పు చూపించింది. ఫోన్లో కాబట్టి నేను చూడలేదు, చూపించానని చెప్పింది. తరవాత మంత్రిగారు చేయూత ప్రకటిస్తారేమోనని, చిన్నదాని బడి ఆగిపోయేలా ఉందని, బావని తీసుకుని వచ్చింది. కొత్త చొక్కా వేసింది. గుండీలు ఆవిడే పెట్టింది.

ప్రారంభోత్సవం గురించి ఎంత చెప్పినా తక్కువే. బ్యాండు మోగుతుండగా మంత్రిగారు మఖమల్ సంచీలోంచి పసుప్పచ్చ తీగ పైకి తీశారు. పాముని పట్టినవాడిలా నాలుగు వైపులా చూపించారు. ఒక కొస గుచ్చారు. పట్టలేదు. తిరగేసి గుచ్చారు. పట్టింది. హాలు దద్దరిల్లింది. రెండో కొస గుచ్చగానే పెద్ద తెర మీద బావ మెదడు ప్రత్యక్షమైంది. ఆ వెంటనే పక్కన వేరే ఊళ్లో కూర్చున్న పెద్ద డాక్టరు ముఖం కనబడింది. రోజుకి వంద స్కాన్లు చూసే మనిషి, ఇది ఎవరిదో ఆయనకేం గుర్తుంటుంది?

"స్కాను బ్రహ్మాండంగా వచ్చిందండి. చిన్న గడ్డ. రక్తం కారలేదు. పేషెంటుకి ఇది ఎప్పుడు మొదలైంది?"

మంత్రిగారు పీఏగారి వైపు చూశారు. పీఏగారు పెదవులు కదిపారు.

"ఇప్పుడే!" అన్నారు మంత్రిగారు మైకులో.

"అయితే చాలా అదృష్టవంతుడండి. వెంటనే ఇంజెక్షన్ ఇచ్చెయ్యండి. చెయ్యి పూర్తిగా వచ్చేస్తుంది. ఎప్పటిలా పనిచేసుకుంటాడు."

అలాంటి చప్పట్లు నేను జన్మలో వినలేదు. హాల్లో కొందరు లేచి నిలబడ్డారు. వెనకాల ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఒక మూల నిలబడ్డ ఇంజనీరమ్మ తలుపు తోసుకుని వెళ్లిపోయింది. అక్క కూడా లేచింది. "బాబూ, ఇది ఇప్పటిది కాదు..." అని ఏదో అనబోయింది కానీ ఆవిడ దగ్గర మైకు లేదు, బ్యాండు మొదలైంది.

మంత్రిగారు బావ దగ్గరికి వచ్చి చెయ్యి చాచారు. ఫోటోగ్రాఫర్లు మూగారు. బావ కుర్చీలో కూర్చునే ఎడమచెయ్యి ఇచ్చాడు.

"కుడిచెయ్యి, కుడిచెయ్యి ఇవ్వవయ్యా, మంత్రిగారికి ఎడమచెయ్యి ఏమిటి!" అని పీఏగారు పళ్లమధ్య నుంచి అన్నారు.

"అది రాదండి" అన్నాడు బావ. అంత సభలో ఆయన మాట్లాడింది అంతే.

మంత్రిగారు ఒక్క క్షణం తడబడ్డారు. ఒక్క క్షణమే. చాచిన కుడిచెయ్యి వెనక్కి తీసుకుని ఎడమచెయ్యి చాచి, నవ్వుతూ బావ చెయ్యి పట్టుకుని ఊపారు. ప్రజలకి ఏ చెయ్యి ఉంటే ఆ చెయ్యే తనదనుకునే నాయకుణ్ణి మీరెక్కడైనా చూశారా? చేయూత సంగతి ఎవరూ ఎత్తలేదు.

కార్యక్రమం ముగియగానే పీఏగారు నన్ను పక్కకి పిలిచారు. "ఎడమచేత్తో కరచాలనం వేస్తే ప్రతిపక్షంవాళ్లు వారం రోజులు నవ్వుతారు. ఫోటోని తిరగేసి వెయ్యి."

కంప్యూటర్లో ఒక్క నొక్కు. అటుది ఇటైంది, ఎడమది కుడి అయింది. వెనకాల బ్యానరు మీద అక్షరాలు కూడా తిరగబడ్డాయి కాబట్టి బ్యానరు కత్తిరించేశాను. బీరువాలు కూడా పోయాయి. మంత్రిగారూ, బావా, రెండు కుడిచేతులూ మిగిలాయి. కింద "క్షణాల్లో స్కాను, నిమిషాల్లో స్వస్థత: లబ్ధిదారుడితో మంత్రిగారి కరచాలనం" అని రాశాను. అన్ని పత్రికలూ మొదటి పేజీలో వేశాయి.

పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. ఏడవలేదు, అరవలేదు.

"పేపర్ చూశాంరా తమ్ముడూ. మీ బావ చూడగానే, మంత్రిగారి కోటు గుండీలు ఆడవాళ్ల వైపుకి ఉన్నాయేమిటే అన్నాడు. ఆయన కళ్లు ఇంకా బాగానే ఉన్నాయి."

"అవునక్కా" అన్నాను.

"పేపర్లో ఆయన కుడిచెయ్యి ఇచ్చాడు కదరా. నేను అద్దాలు పెట్టుకుని మరీ చూశాను, బాగానే లేచింది. ఆ చెయ్యి ఒకసారి ఇంటికి పంపించమని మీ మంత్రిగారికి చెప్పు. కుట్టాల్సిన చొక్కాలు పేరుకుపోయాయి."

అక్క మాటలను ఒక లబ్ధిదారుని కుటుంబం నుంచి అందిన విజ్ఞప్తిగా స్వీకరించి, తగిన చర్య నిమిత్తం పీఏగారికి పంపాను. పరిశీలనలో ఉందన్నారు.